ఝాన్సీ గుళిక

"మందు కాదు మొర్రో అని ఇల్లిల్లూ తిరిగి చెప్పా బాబాయ్. ఒక్కళ్ళన్నా వింటేగా! కరిగేది మందు కాకపోతే ఇంకేందే అని నన్నే ఎదురడిగారు. ఏం చెప్పమంటావు? నాకిచ్చిన కాగితంలో ఉన్న మాట నాకే నోరు తిరగలా."

చెబుతున్నంతసేపూ ఝాన్సీ చేతులు ఆగలేదు. ఎడమ చేత్తో ఎండుమిరపకాయ అందుకోవడం, కుడి బొటనవేలి గోటితో తొడిమ గిల్లడం, కాయను గంపలోకి విసరడం. ఈపూరు శివార్లలో రేకుల షెడ్డు అది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన బస్తాలు విప్పి గుట్టలు పోస్తారు. గుట్ట చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తారు. ఘాటుకు అలవాటైనవాళ్ళు ముక్కుకు చెంగు చుట్టుకుని ఊరి సంగతులన్నీ తిరగేసుకుంటారు. అలవాటు లేని వెంకటకృష్ణయ్య గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని వరసగా తుమ్ముతున్నాడు.

ఆయనకు ఈపూరు రోడ్డు మీద మోటార్ల వైండింగ్ షాపుంది. తండ్రి కిరాణా కొట్లో కూర్చోమంటే కూర్చోకుండా, కాలిపోయిన మోటార్లు తెచ్చుకుని విప్పుకుంటూ, ఎవరూ నేర్పకుండానే ఆ పని నేర్చుకున్నాడు. విప్పి చూడనిదే ఏ వస్తువునూ నమ్మడు. చేలల్లో పాతిన ఆ తేమ బిళ్ళల్లో ఒక్కదాన్నయినా విప్పి చూడాలని నిరుటి నుంచీ ఆయనకు ఒకటే దురద. తీరా తీరిక చేసుకుని బయల్దేరేసరికి అవి భూమిలో కరిగిపోయాయన్నారు. బిళ్ళ దొరక్కపోతే బిళ్ళలు పాతిన మనిషినైనా అడుగుదామని ఇలా వచ్చాడు.

ఝాన్సీ గురించి నలుగురూ అనుకునే మాటలేవీ ఆయన ఎత్తలేదు. "అది ఎట్టా పనిచేసేదమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న వేసిన మనిషి ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. అందుకే ఇంతసేపు మాట్లాడుతోంది.

"ఆ మాటేందో నువ్వు చెప్పు, నోరు నేను తిప్పుకుంటా" అన్నాడు తుమ్ము ఆపుకుంటూ.

"జీవవిచ్ఛిన్నశీల పాలిమర్ ఆధారిత తేమ సంవేదకం."

ఆపుకున్న తుమ్ము కాస్తా బయటపడింది. గుట్టకు అవతల కూర్చున్న హుమేరా పకపకా నవ్వింది. "దయ్యాన్ని వదిలించే మంత్రంలాగుంది గదక్కా!"

"దీన్ని పట్టుకుపోయి మిరప నాట్లేసే వాళ్ళకి చెప్పమన్నారు బాబాయ్ నన్ను" అంది ఝాన్సీ. నవ్వలేదు.

ఆమెది బొల్లాపల్లి మండలంలో ఒక మెట్ట ఊరు. వాన పడితే పంట, పడకపోతే బోరు, బోరు ఎండితే మిరపకోతలకు వలస. పుట్టిందీ అక్కడే, మెట్టిందీ అక్కడే. వినుకొండలో బీఎస్సీ చదివింది. ప్రైవేటు బడిలో కొన్నాళ్ళు లెక్కలు చెప్పింది. ఆ తర్వాత వాలంటీరుగా పింఛన్లు పంచింది. అదీ పోయి ఖాళీగా కూర్చున్న రోజుల్లో నరసరావుపేటలో ఆఫీసు తెరిచిన ఒక కంపెనీ వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. ఏ తలుపు కొట్టినా తీసేటట్టు ఊరికి తెలిసిన మనిషి కావాలన్నారు. ఆ మాటకొస్తే ఊళ్ళో ఝాన్సీని మించినవాళ్ళు లేరు. ఏ ఇంట్లో ముసలాయనకు ఎడమ చెవి వినపడదో, ఏ ఇంటి కుక్క మగవాళ్ళను మాత్రమే కరుస్తుందో కూడా ఆమెకు తెలుసు.

నరసరావుపేటలో ఒక హోటలు మేడ మీద శిక్షణ పెట్టారు. చెప్పినాయన పేరు ప్రవీణ్ కుమార్. చొక్కా నలగని మనిషి, మాట కూడా నలగదు. ఆయన చెప్పింది ఝాన్సీకి నచ్చింది, నిజంగానే నచ్చింది. తేమ కొలిచే పాత యంత్రాలు ప్లాస్టిక్‌వి. పంటయ్యాక చేలోనే పడి ఉంటాయి, నాగలి తగిలి ముక్కలవుతాయి, ఆ ముక్కలు భూమిలో ఎన్ని తరాలైనా అలాగే ఉంటాయి. ఈ బిళ్ళ అలా కాదు. మొక్కజొన్న పిండి నుంచి తీసిన సరుకుతో చేస్తారు. దాని మీద వెంట్రుకంత సన్నటి లోహపు గీత, పైన మైనపు పూత. బ్యాటరీ ఉండదు. పైన ఒక కర్ర పాతుతారు, దాని నెత్తిన చిన్న సోలారు పలక. కర్ర అడుగుతుంది, బిళ్ళ జవాబిస్తుంది. నేల తడిగా ఉంటే ఒక రకంగా, పొడిగా ఉంటే ఇంకో రకంగా. కర్ర ఆ జవాబును రైతు ఫోనుకు చేరవేస్తుంది. పంట చేతికొచ్చేదాకా మైనపు పూత కాపాడుతుంది. ఆ తర్వాత మట్టిలో ఉండే కంటికి కనపడని పురుగులు బిళ్ళను తినేస్తాయి.

"అంటే మిషను పనైపోయాక మిషనే ఎరువవుద్ది" అన్నాడు వెంకటకృష్ణయ్య. ఆయన కళ్ళలో నీళ్ళు ఘాటుకో, ఆనందానికో తెలియలేదు. "అబ్బ! ఎవడో చానా మంచోడమ్మా దాన్ని కనిపెట్టినోడు."

"మంచోడే. వాడు మా ఊరు రాలా అంతే."

మాట దగ్గరే వచ్చింది తంటా. మొదట చెప్పింది మహాలక్ష్మమ్మకు.

మహాలక్ష్మమ్మ ఝాన్సీ పుట్టింటికి గోడ పక్క ఇల్లు. పేరుకు పక్కిల్లు గాని, ఝాన్సీకి చిన్నప్పుడు జడలు వేసింది ఆ చేతులే. మొగుడు పోయినా చేను కౌలుకివ్వకుండా తనే చేసుకుంటోంది. కూలీలకంటే ముందు చేలోకి దిగుతుంది, వాళ్ళకంటే వెనక గట్టెక్కుతుంది. తన చేలో కర్ర పాతమని అందరికంటే ముందు ఒప్పుకున్నదీ ఆమే. "మన పిల్ల తెచ్చింది, మనమే వద్దంటే ఎట్టా" అంది.

ఆ రోజు మిరప నారు నాటుతున్నారు. కూలీలు సాళ్ళ వెంట వంగి ఉన్నారు. ఝాన్సీ సంచీలోంచి బిళ్ళలు తీసింది. బిస్కెట్టు ముక్కంత ఉంటాయి, మైనం రంగు, గోరు నొక్కితే దిగుతుంది.

"ఏమే, ఇయ్యేనా? ఇయ్యి పాతితే ఏందంట?"

"వేరు దగ్గర తేమ ఎంతుందో చూసుద్ది పెద్దమ్మా. ఆ కర్ర దాన్ని అడిగి నీ ఫోనుకి చెబుద్ది. నీళ్ళు పెట్టాలో వద్దో నీకు తెలుసుద్ది."

"మరి పంటయ్యాక పీక్కుపోతారా?"

"లేదు పెద్దమ్మా. మట్టిలో కలిసిపోద్ది."

సాళ్ళలో వంగినవాళ్ళంతా ఒక్కసారి నడుము లేపారు. మహాలక్ష్మమ్మ చేతిలో నారుకట్ట అలాగే ఆగింది.

"నీ నోట్లో మన్ను పొయ్య! నారు నేల తాకేవేళ మట్టిలో కలిసిపోద్దంటావా? అంత చదువు చదివి ఒక మంచి మాట నేర్చుకోలేదటే?"

ఝాన్సీ నాలుక కరుచుకుంది. ఊళ్ళో మట్టిలో కలిసేది మనిషి ఒక్కడే, తిట్టినా ఏడ్చినా ఆ మాటే. కాగితంలో మాట చూస్తే పలకడానికే రాదు. ఇంకో మాట కోసం అటూ ఇటూ చూసింది. గట్టు మీద గుళికల సంచి కనపడింది. పురుగు పట్టకుండా మొక్క మొదట్లో వేసే మందు, తడికి కరిగి వేరుకు అందేది.

"అదుగో, గుళికల్లాగా కరిగిపోద్ది పెద్దమ్మా. నేలకి ఏ చేటూ చెయ్యదు."

మహాలక్ష్మమ్మ మొహం విచ్చుకుంది. "అట్టా చెప్పు మరి. గుళికంటే ఎవరు కాదంటారు? పెట్టు పెట్టు, చెయ్యి మంచిది, నీ చేత్తోనే పెట్టు."

పొద్దు వాలేసరికి ఆ మాట ఊరంతా పాకింది. మర్నాటికి దానికి పేరు కూడా వచ్చేసింది, ఝాన్సీ గుళిక. పాలకేంద్రం దగ్గర, రేషను వరసలో, ఎక్కడ చూసినా అదే. మా చేలో తక్కువ పెట్టావని ఒకరు, వాళ్ళ చేలో ఎక్కువ పెట్టావని ఇంకొకరు. మా ఆడపడుచు ఊరికి పంపుతాను, ఓ నాలుగు ఇవ్వమని ఒకావిడ. ఝాన్సీ నవ్వుతూనే కాదని చెప్పింది. తన పేరు మీద ఒక మందు ఉందంటే లోపల కొంచెం బాగానే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ బిళ్ళల్ని నమ్ముకుని అసలు మందు మానేస్తారేమోనని భయం పట్టాక మాత్రం నవ్వడం మానేసి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆలస్యమైంది. ఊరి పెద్దల్లో ఒకడు ధనుంజయరావు, ఏ పార్టీ గెలిచినా ఆయన కుర్చీ మాత్రం పాలకేంద్రం అరుగు మీదే ఉంటుంది. ఆయన తీర్పు చెప్పేశాడు.

"ఇదుగో అమ్మాయ్. చూసేదంటే కన్నులాగుండాల, కెమెరా లాగుండాల. యాడన్నా కన్ను కరుగుద్దా? కరిగేదేంది? ఉప్పు కరుగుద్ది, యూరియా కరుగుద్ది, గుళిక కరుగుద్ది. కాబట్టి చూసేది కర్ర. కరిగేది మందు. ఇంత చిన్న సంగతి తెలవకుండా నీకు బీఎస్సీ ఎవరిచ్చారు?"

అరుగంతా నవ్వింది. తర్కం ఆయనదే గట్టిగా ఉంది.

"నిజమే గదమ్మా" అన్నాడు వెంకటకృష్ణయ్య, ఆయన ఇప్పుడు తుమ్మడం లేదు. "మోటారు కరగదు, స్టార్టరు కరగదు. నా యాభై ఏళ్ళ బతుకులో కరిగే మిషను నేనూ ఇనలా. నేనైనా అంతే అనుకునేవాణ్ణి."

"అనుకో. అనుకుని ఊరుకుంటే పోయేది."

వానలు ముందే వెనకడుగు వేశాయి. మిరప తోటలు పూతకు వచ్చాయి. మహాలక్ష్మమ్మ బోరు సంగతి ఊరందరికీ తెలుసు. కాసేపు పోసి దమ్ము లాగుతుంది, నీళ్ళకు బదులు గాలి కక్కుతుంది. మోటారు వేసిన ప్రతిసారీ ఆమె పైపు దగ్గర నిలబడి లోపల ఎవరో జబ్బు మనిషి దగ్గుతుంటే విన్నట్టు వింటుంది. అలాంటి మనిషికి ప్రతి ఉదయం ఫోనులో కబురు వచ్చేది, తేమ సరిపడా ఉంది, నీరు పెట్టవద్దు అని. చదివి వినిపించమని పక్కింటి పిల్లల్ని అడిగి, విని, కర్రకు దణ్ణం పెట్టుకునేది. బోరుకు విశ్రాంతి, తనకు విశ్రాంతి.

కొన్నాళ్ళకు మధ్యాహ్నం పూట ఆకు వాలడం మొదలైంది. ధనుంజయరావే చూసి, నీళ్ళెక్కువై వేరు కుళ్ళుతోంది, చుక్క కూడా పెట్టొద్దన్నాడు. కర్ర చెప్పిందీ అదే. ఇద్దరు ఒకే మాట చెబితే కాదనేవాళ్ళెవరు? పూత రాలింది. పిందె ముడుచుకుంది. ఝాన్సీ అప్పుడు గురజాల వైపు ఊళ్ళలో బిళ్ళలు పాతే పనిలో ఉంది. తిరిగి వచ్చి చూసేసరికి తోట పాతచీపురులా నిలబడి ఉంది. గుప్పెడు మట్టి తీసి చూస్తే పిండిలా రాలింది. అటు ఫోనులో మాత్రం తేమ సరిపడానే ఉంది.

ఊరు అడిగింది, కంపెనీ కారు వచ్చింది. పాలకేంద్రం ముందు అందరూ చేరారు. ప్రవీణ్ కుమార్ ల్యాప్‌టాప్ కారు బానెట్ మీద పెట్టి చూశాడు.

"తవ్వి చూడండి సార్" అంది ఝాన్సీ. "బిళ్ళకేదో అయింది. కర్ర కింద తవ్వి చూస్తే తెలుసుద్ది."

అందరూ చేలోకి నడిచారు. తవ్వారు. బిళ్ళ లేదు. ఇంకో చోట తవ్వారు. అక్కడా లేదు. ఝాన్సీ తన చేత్తో పాతిన చోట్లన్నీ వేళ్ళతో గీకి చూసింది. మైనపు పొర కూడా తగల్లేదు.

ప్రవీణ్ కుమార్ మొహం వెలిగింది. "ఎక్సలెంట్! చూశారా, అవశేషం లేదు. నల్లరేగడిలో ఇంత శుభ్రంగా కరుగుతుందని మేమే అనుకోలేదు."

"పంట అయ్యేదాకా ఉండాలి గదా సార్! మధ్యలోనే పోతే కర్రకి జవాబెవరు చెప్పారు?"

ఆయన ఆమె వంక చూడలేదు. ఖాళీ గుంటకు ఫోటో తీసుకున్నాడు. గుంట ఒక్కటే ఉంటే బాగుండదని పక్కన ధనుంజయరావును నిలబెట్టి ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత బానెట్ దగ్గరికి వచ్చి ఏవో మీటలు నొక్కి, ఊరి వైపు తిరిగి చల్లగా చెప్పాడు. యంత్రంలో లోపం లేదు. ఒకరి చేని సమాచారం ఇంకొకరి ఫోనుకు వెళ్ళింది. పేర్లు ఎక్కించేటప్పుడు ఫీల్డు స్టాఫ్ చేసిన పొరపాటు. ఇప్పుడు సరిచేశాం. ఇక మీ కర్ర చెప్పేది మీ చేని సంగతే.

ఫీల్డు స్టాఫ్ అంటే ఎవరో ఊరికి విడమర్చి చెప్పక్కర్లేదు. మెడలో వేలాడుతున్న కార్డు ఝాన్సీయే తీసి ఇచ్చింది. గుంపులోంచి ఎవరో, "కరిగిపోద్ది కరిగిపోద్దని తిరిగావు గదే, నీ ఉద్యోగమూ కరిగింది పో" అన్నారు. ఎవరన్నారో ఆమె తిరిగి చూసుకోలేదు. మహాలక్ష్మమ్మ ఏమంటుందోనని మాత్రం చూసింది.

"యాడో కాలవకింద చేని తడి నా ఫోనుకి పంపావు గదే" అంది మహాలక్ష్మమ్మ. అరవలేదు, తిట్టలేదు. అంతే అని గట్టు దిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి గోడ పక్క ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

వెంకటకృష్ణయ్య మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకింకా యంత్రమే బుర్రలో తిరుగుతోంది. "అయితే నిజంగా ముందే కరిగిందా? మైనం పూశారన్నావు గదా?"

ఝాన్సీ హుమేరా వైపు చూసింది. హుమేరా తలొంచుకుని కాయ వెంట కాయ గిల్లుతోంది.

"చెప్పవే. బాబాయే గదా, ఎవరికీ చెప్పడు."

"నేనే కోశా బాబాయ్" అంది హుమేరా. "మేం కూలికి పోయాం ఆమె చేలోకి, ఝాన్సక్క గురజాల పోయినాక. పెద్దమ్మే తవ్వి తీసింది బిళ్ళలు. కొడవలి నాకిచ్చి సన్నగా కొయ్యవే అంది. చాక్పీసు ముక్కల్లాగా కోసిచ్చా. మొక్కకొక ముక్క పెట్టుకుంటా పోయింది. ఎందుకు పెద్దమ్మా అంటే, ఒకచోటే పాతిపెడితే ఆ నాలుగు మొక్కలే బాగుపడతయ్యి, మిగతావి నా కడుపున పుట్టలేదా అంది. ఆ ముక్కలు చాలక చివరి సాళ్ళకి రాకపోతే ఎంత బాధపడిందనుకున్నావు!"

గుమ్మంలోంచి గాలి కొట్టి మిరపపొట్టు లేచింది. ఎవరూ తుమ్మలేదు.

"వారం కింద ఇక్కడే, ఈ గుట్ట దగ్గరే చెప్పింది నాకు" అంది ఝాన్సీ. "అప్పటికి దీనికి అది పెద్ద సంగతని కూడా తెలవదు. ఏదో మాటల్లో మాట చెప్పింది. నాకు నవ్వాగలా బాబాయ్. షెడ్డంతా నన్నే చూశారు. ఆ ప్రవీణ్ కుమారు ఖాళీ గుంటకి ఫోటో తీసుకుని మురిసిపోయాడు చూడు, ఆ గుంట ఖాళీ చేసింది కంటికి కనపడని పురుగులు కాదు, మా మహాలక్ష్మమ్మ పెద్దమ్మ. చూసేది కర్రేనని నమ్మిన మనిషి గదా, గుళికలు తీస్తే ఏమవుద్దిలే అని తవ్వేటప్పుడు కూడా ఎవరికీ చెప్పలా. ఆ ఫోటో ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ తెర మీద చూపిస్తన్నాడో!"

"మరి పోయి చెప్పకపోయావా ఆమెకి? నీ తప్పు లేదని తేలేది."

"పోయా. చెప్పాలనే పోయా, ఆ సాయంత్రమే. ఇంటి ముందు ఎండిన మిరపకట్టె పొయ్యిలో పెడతంది. నన్ను చూసి లేవలా. 'ఏందే, ఇంకా ఏమన్నా మిగిలిందా కరగటానికి?' అంది. నోటిదాకా వచ్చింది బాబాయ్. నువ్వే కోసుకున్నావు పెద్దమ్మా, నువ్వే మొక్కమొక్కకీ పంచుకుంటా పోయి చంపుకున్నావు అని. చెబితే ఏమయ్యేది? నన్ను తిట్టుకుంటా పడుకుంటంది ఇప్పుడు. చెబితే అదీ ఉండదు. నా మంచితనం అనుకోమాక. చెప్పినా నమ్మరు. ముక్క ఒక్కటన్నా చూపించమంటారు. యాడుంది ముక్క? సాక్ష్యం కూడా మొక్కజొన్న పిండే."

ఆమె గొంతులో తడి లేదు, గరుకే ఉంది. గంప నిండితే హుమేరా లేచి గుమ్మరించి వచ్చింది.

ఓదార్పు మాటలు వెంకటకృష్ణయ్యకు చేతకావు. తెలిసిన సంగతి ఒకటి చెబుదామనిపించింది.

"పోన్లే, ఇప్పుడు తేరుకుందిలే ఆమె. మిరప పీకేసి మొక్కజొన్న వేసింది. మోకాలెత్తు పైకొచ్చింది. నిన్నే చూసొచ్చా. మోటారు వైండింగ్ చేసిచ్చి వారమైంది, ఎట్టా నడుస్తందో చూద్దామని పోతే అసలు వెయ్యనే లేదంట! స్టార్టరు డబ్బాలో సాలెపురుగు గూడు కట్టింది. ఇదేందమ్మా అంటే, ఫోనులో చెబుతందిలే, తడి ఉందంట, ఇప్పుడు కంపెనీ వాళ్ళు సరిచేశారు గదా అంది. మంచిదే అనుకున్నా. బోరుకి విశ్రాంతి..."

ఝాన్సీ చేతులు ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ మొదటిసారి.

"ఏమంది?"

"తడి ఉందని మెసేజి వస్తందంట."

"ఏ కర్ర నుంచి? అక్కడ బిళ్ళలే లేవు గదా!"

"కర్ర ఉందమ్మా. చూశాగా. దాని మొదట్లో పసుపు రాసి ఉంది."

ఝాన్సీ కాయను కింద పెట్టింది. ప్రవీణ్ కుమార్ హోటలు మేడ మీద గొప్పగా చెప్పిన మాట ఒకటి ఆమె చెవిలో మోగింది. మా మెసేజ్ ఎప్పుడూ ఆగదు. గాలివానొచ్చినా, గొడ్డు అడ్డం వచ్చినా, ఒక పూట జవాబు అందకపోతే రైతు గాభరా పడకూడదు, అందుకని వెనకటి జవాబునే మళ్ళీ పంపేలా పెట్టాం. వెనకటి జవాబు! బిళ్ళలు బతికి ఉండగా చెప్పిన చివరి జవాబు, వాన వెలిసిన మర్నాటిది. మిరపకు చెప్పిందీ అదే. మొక్కజొన్నకు చెబుతున్నదీ అదే.

"బాబాయ్, అది సరిచెయ్యటం కాదు. వాడు ఊరి ముందు ఊరికే మీటలు నొక్కి పోయాడు. కిందున్న బిళ్ళకి చచ్చిపోవటం తెలుసు. పైనున్న కర్రకి తెలవదు. అది చచ్చినోళ్ళ మాటే చెప్పుకుంటా కూర్చుంది."

అర్థమైన కొద్దీ వెంకటకృష్ణయ్య మొహం మారింది. "అయితే ఆమె చేను..."

"ఎట్టా ఉంది? ఆకు చుట్టుకుందా?"

"పగలు చుట్టుకుంటందమ్మా. ఎండకేమో అనుకున్నా."

ఝాన్సీ ఫోను తీసి ప్రవీణ్ కుమార్ నంబరుకు చేసింది. ఆ నంబరు వాడకంలో లేదని ఆడగొంతు చెప్పింది, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఆఫీసుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నరసరావుపేటలో ఆ మేడకు ఇప్పుడు కోచింగ్ సెంటరు బోర్డు ఉందని పోయిన వారమే ఎవరో చెప్పారు. ఫోను ఒళ్ళో పడేసింది.

"నువ్వే పోయి చెప్పక్కా" అంది హుమేరా.

"నేను పోతే తలుపు తియ్యదు. తీసినా, వద్దన్న పని కావాలని చేసుద్ది. ఝాన్సీ నీళ్ళు పెట్టమందంటే ఆ చేను ఎండిపోయిందాకా మోటారు ముట్టుకోదు. నాకు తెలవదా ఆమె సంగతి!" అని వెంకటకృష్ణయ్య వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు లెయ్యి. ఇప్పుడే పో."

"పోయి ఉన్నదున్నట్టు చెబుతా. బిళ్ళలు లేకపోతే కర్ర మాట చెల్లదని."

"చెప్పమాక! బిళ్ళలు ఏమయ్యాయని అడుగుద్ది. నువ్వు అబద్ధం చెప్పలేవు, నీ మొహాన కనపడుద్ది. అప్పుడు తెలిసిపోద్ది ఆమెకి, మిరపనెవరు చంపారో."

"మరేం చెప్పమంటావు?"

ఝాన్సీ ఆలోచించింది. ఆ నారు నాటిన రోజు గట్టు మీద అటూ ఇటూ చూసినట్టే ఇప్పుడూ చూసింది, ఆమెకు ఎక్కే మాట ఏదైనా దొరుకుతుందేమోనని.

"సోలారు కర్ర ఉంటే మోటారు కాలుద్దని చెప్పు."

"కాలదమ్మా! దానికీ దీనికీ ఏం సంబంధం? నలుగురు వింటే నన్ను..."

"సంబంధం లేదు. నాకూ తెలుసు. నిజం చెప్పటానికేగా పోయిన ఏడు నోరు తిరగని అంత పెద్ద మాట కాగితంలో రాసిచ్చారు నాకు, ఏమయింది? నువ్వు మోటార్లు చేసే మనిషివి, మోటారు కాలుద్దని నువ్వంటే ఆమె నమ్ముద్ది. కర్ర నువ్వే పీకి నీ బండికి కట్టుకునిరా, ఇప్పి చూసుకుందువు గాని. ఫోను అడుగు, ఏదో సరిచేస్తానని చెప్పి ఆ మెసేజి వచ్చే నంబరు ఆపెయ్. నా పేరెత్తమాక. ఎత్తావా, చేసిందంతా బూడిదలో పోసినట్టే."

వెంకటకృష్ణయ్య లేచాడు. స్టూలు పక్కకు జరిపాడు. అబద్ధం ఆడాల్సిన మొహం ఎలా పెట్టుకోవాలో ఇప్పటి నుంచే చూసుకుంటున్నట్టు చెంపలు తడుముకున్నాడు. గుమ్మం దాటి బండి స్టార్టు చేశాక ఝాన్సీ లేచి, ఒంటి మీద పడ్డ తొడిమలు దులుపుకోకుండానే రోడ్డు దాకా పరుగెత్తింది.

"బాబాయ్! స్టార్టరు వేసి వెంటనే వచ్చెయ్యమాక. ఆ బోరు దమ్ము లాగితే భయపడి ఆపేసుద్ది ఆమె. పక్కనే ఉండు. చివరి సాళ్ళదాకా నీళ్ళు పారినయ్యో లేదో చూసి రా."